పంపిన ఉత్తరానికి నకలు ఎవరు ఉంచుతారు?

(నరసాపురంలో ఒక ఆదివారం సాయంత్రం లేసు వ్యాపారులు, ఏజెంట్లు, డిగ్రీ విద్యార్థులు కూర్చున్న చిన్న సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం అండి. ముందు ఈ ముక్క చూడండి. చేతులు మారుస్తూ వెనక వరసదాకా పంపించండి, ఏం పరవాలేదు, చిరగదు. పన్నెండంగుళాల డాయిలీ ఇది, బల్ల మీద పరిచే లేసు ముక్క. అంచున చిన్న గుడ్డపీలిక కుట్టి ఉంది కదా, దాని మీద చెరగని సిరాతో డిజైను నంబరు, దారం నంబరు, సరుకు వెళ్లిన తేదీ రాసి ఉన్నాయి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందికి దీని సంగతి నేను చెప్పక్కర్లేదు. వంద ముక్కలు ఓడెక్కితే నూటొకటోది మన బీరువాలో ఉంటుంది. రెండేళ్లు పోయాక పార్టీవాళ్లు, అంటే సరుకు కొనేవాళ్లు, అదే డిజైను మళ్లీ కావాలంటే, ఆ ముక్క తీసి సీతారామపురంలోనో ఇంకో ఊళ్లోనో అల్లేవాళ్ల చేతిలో పెడతాం. మాటలతో వివరించే పనే ఉండదు.

సరుకుకి ఇంత శ్రద్ధగా శాంపిల్ దాచుకునేవాళ్లం, ఆ సరుకు గురించి మనం రాసి పంపిన మాటకి శాంపిల్ దాచుకుంటున్నామా? అది అడగడానికే ఇవాళ వచ్చాను.

నేను ఇరవై ఆరేళ్లుగా ఈ ఊళ్లో లేసు ఎగుమతి ఆఫీసుల్లో ఉత్తరాలు రాసే పనిలో ఉన్నాను. చేరిన కొత్తల్లో టైపు మిషనే. పైన లెటర్‌హెడ్డు, దాని కింద కార్బను, పల్చటి కాగితం, మళ్లీ కార్బను, మళ్లీ పల్చటి కాగితం. అన్నీ అంచులు కలిపి రోలర్లోకి ఎక్కించేవాళ్లం. ఒక నకలు పార్టీ పేరు మీద ఉన్న ఫైలుకి, రెండోది తేదీలవారీ ఫైలుకి. ఒక్క అక్షరం కొడితే మూడు చోట్లా పడేది. తప్పు కొడితే మూడు చోట్లా చెరపాలి, వేళ్లన్నీ నల్లగా అయ్యేవి. ఇవాళ మెయిల్లో సీసీ అని కనిపిస్తుందే, అది ఆ కార్బను కాపీయే. పేరు మిగిలింది, కార్బను పోయింది.

ఈ నకలు గొడవ కొత్తది కాదండి. ఆవిరి యంత్రంతో పేరు పొందిన జేమ్స్ వాట్ ఉన్నాడు చూశారూ, ఆయన 1780లో ఉత్తరాలకి నకలు తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. సిరాతో రాసిన ఉత్తరం మీద తడిపిన పల్చటి కాగితం వేసి నొక్కితే అక్షరాలు దాని మీదకి దిగేవి. అక్షరాలు తిరగబడి పడతాయి కాబట్టి కాగితం వెనకవైపు నుంచి చదువుకునేవాళ్లు. అంతటి మనిషి కూడా తాను ఎవరికి ఏం రాశానో గుర్తుంచుకోవడానికి మనసు మీద ఆధారపడలేదు.

కార్బను రోజుల్లో రాయడం, నకలుంచడం ఒక్క దెబ్బలో అయిపోయేవి. మెయిల్లో అవి రెండూ వేర్వేరు పనులు. పంపే పని ఒకరిది, దాచే పని ఇంకొకరిది. దాచేది ఎవరో మీకు తెలియదంటే, ఎవరూ దాచడం లేదని కూడా కావచ్చు. ఇది నాకు పుస్తకం చదివితే తెలియలేదండి. ఎలా తెలిసిందో చెబుతాను.

ఒక పార్టీ నాలుగు వందల టేబుల్ మ్యాట్లకి ఆర్డరు ఇచ్చింది. పేరు చెప్పను, దేశం కూడా చెప్పను. ఆర్డరు కాగితం మీద పైనాపిల్ డిజైను. తర్వాత వాళ్ల ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. పైనాపిల్ వద్దు, మీరు పంపిన రెండో శాంపిల్, ఆ సాలీడు గూడు డిజైను వేయండి అన్నారు. కొలత అదే, ధరా అదే. నేను ఆ రోజు మా చెల్లెలి ఇంట్లో సీమంతానికి పాలకొల్లులో ఉన్నాను. భోజనాలయ్యాక వాళ్ల అబ్బాయి కంప్యూటర్లో బ్రౌజరు తెరిచి, మా ఆఫీసు మెయిల్లోకి వెళ్లి, 'ఈ రోజు ఫోన్లో మీరు చెప్పిన ప్రకారం డిజైను మారుస్తున్నాం, వేరే మాట ఉంటే మూడు రోజుల్లో రాయండి' అని పంపాను. వాళ్లు ఏమీ రాయలేదు. అల్లిక మొదలైంది.

సరుకు చేరాక ఉత్తరం వచ్చింది. మేం అడిగింది పైనాపిల్ కదా అని. అప్పటికి మాతో ఫోన్లో మాట్లాడినాయన ఆ ఉద్యోగం మానేశాడట. కొత్తగా వచ్చినావిడ మర్యాదగానే రాసింది. డిజైను మార్చినట్టు మీరు రాసి పంపిన కాగితం ఏదైనా ఉంటే చూపించండి, మా పైవాళ్లతో మాట్లాడతాను అంది. నేను ధీమాగా ఉన్నాను. పంపాను కదా, గుర్తుంది కదా, ఆ రోజు వేసిన వక్కపొడి రుచి కూడా గుర్తుంది.

ఆఫీసు కంప్యూటర్లో మెయిల్ ప్రోగ్రాం తెరిచి సెంట్‌లో, అంటే పంపిన ఉత్తరాలు ఉండే పెట్టెలో, వెతికాను. లేదు. సీమంతం తేదీ ముందురోజు ఉత్తరాలున్నాయి, మర్నాటివి ఉన్నాయి, మధ్యలో ఆ రోజు లేదు. సరే, బ్రౌజర్లోంచి పంపాను కాబట్టి అక్కడ ఉంటుందని వెబ్‌మెయిల్లోకి వెళ్లాను. అక్కడ సెంట్ అనే పెట్టె ఖాళీ. మా మెయిల్‌కి ఇచ్చిన చోటు చాలా కొద్ది. మూడు నాలుగు నెలలకోసారి నిండిపోయి కొత్త ఉత్తరాలు వెనక్కి పోయేవి. అందుకని కంప్యూటర్లు చూసే కుర్రాడు అప్పుడప్పుడు వెబ్‌మెయిల్లోకి వెళ్లి పెట్టెలు ఖాళీ చేసేవాడు. తప్పు అతనిది కాదండి. ఉత్తరాలన్నీ ఆఫీసు కంప్యూటర్లో దిగిపోయాయి కదా అనుకున్నాడు. వచ్చినవి దిగాయి. వెబ్‌మెయిల్లో కూర్చుని పంపినవి దిగలేదు. ఆ తేడా అతనికీ తెలియదు, నాకూ తెలియదు.

అల్లినవాళ్ల కూలి మా యజమాని మొత్తం ఇచ్చేశారు, ఆ మాట చెప్పాలి. మ్యాట్లు వెనక్కి తెప్పించుకునే ఖర్చు కూడా దండగే అని అక్కడే సగం ధరకి వదిలేశారు. ఒక్క ఉత్తరం, నాలుగు వాక్యాల ఉత్తరం.

ఇప్పుడు అసలు సంగతిలోకి వస్తాను. విద్యార్థులు కాస్త దగ్గరకి జరగండి.

మెయిల్ ఒక సర్వరు నుంచి, అంటే మెయిల్ నడిపేవాళ్ల కంప్యూటరు నుంచి, ఇంకో సర్వరుకి వెళ్లే పద్ధతిని ఎస్‌ఎంటీపీ అంటారు. ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రాల్ని ఆర్‌ఎఫ్‌సీలు అంటారు. 1982లో జాన్ పోస్టెల్ రాసిన పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 821, దాని మీదే ఇన్నేళ్లుగా బండి నడుస్తోంది. అందులో మార్పులు వచ్చాయి గానీ మూలం అదే. ఎవరి నుంచి, ఎవరికి, ఇదిగో ఉత్తరం. అంతే. పంపినవాడి దగ్గర ఒక నకలుంచాలి అనే మాటే ఆ పద్ధతిలో లేదు. మన తపాలా పెట్టె లాంటిదే అది. కవరు లోపల వేశాక పెట్టె మీకు నకలు ఇస్తుందా? ఇవ్వదు. నకలు కావాలంటే ఇంటి దగ్గర రాసుకుని వెళ్లాలి.

మరి సెంట్‌లో కనిపించేది ఏమిటి? అది మీ ప్రోగ్రాం వేరేగా చేసే పని. లేదా వెబ్‌మెయిల్ నడిపేవాళ్ల సర్వరు చేసే పని. ఎవరు చేస్తే వాళ్ల పెట్టెలో పడుతుంది.

ఇక ఉత్తరాలు చూసుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి పాప్. రెండోది ఐమ్యాప్, దీన్ని మార్క్ క్రిస్పిన్ అనే ఆయన 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలుపెట్టాడు. పాప్ అంటే కావిడి వేసుకుని కాలవకి వెళ్లి, నీళ్లు తెచ్చి ఇంట్లో గోలెంలో పోసుకోవడం. తెచ్చుకున్నది మీ ఇంట్లోనే ఉంటుంది. పక్కింట్లో కూర్చుంటే దొరకదు. పైగా పాప్ తెచ్చేది ఒక్క ఇన్‌బాక్స్ నీళ్లే. సెంట్ అనే కాలవ ఉందని దానికి తెలియదు. జీమెయిల్ లాంటివాళ్లు వాళ్ల పద్ధతిలో పంపినవి కూడా పాప్‌లో దించుతారు, కానీ అందరూ అలా చేయరు. ఐమ్యాప్ అంటే ధవళేశ్వరం అనుకోండి. నీరు ఆనకట్ట దగ్గరే ఉంటుంది. తూర్పు డెల్టా, మధ్య డెల్టా, మన పశ్చిమ డెల్టా, మూడింటికీ అక్కడి నుంచే. మీ ఫోను, ఆఫీసు కంప్యూటరు, ఇంట్లో ల్యాప్‌టాపు మూడూ ఒకే సర్వరులో ఉన్న పెట్టెల్ని చూస్తుంటాయి. ఫోన్లోంచి పంపింది ఆఫీసులో కనిపించాలంటే ఇదే మంచి దారి. మీ ఆఫీసులో ఇంకా పాప్ మీద ఉంటే, రేపు సోమవారం మొదటి పని అది మార్పించడం. మార్పించే ముందు పాత గోలెంలో ఉన్న నీళ్లు పారబోయకండి. పాత ఉత్తరాలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉంటాయి, వాటిని ముందు భద్రం చేయించండి.

ఐమ్యాప్‌కి మారితే అయిపోయినట్టే అనుకున్నాను నేను కూడా. కాలేదు.

ప్రతి ప్రోగ్రాముకీ తన సెంట్ పెట్టెకి తాను పెట్టుకున్న పేరుంది. ఒకదానిలో సెంట్, ఇంకోదానిలో సెంట్ ఐటమ్స్, యాపిల్‌వాళ్ల దానిలో సెంట్ మెసేజెస్, జీమెయిల్లో సెంట్ మెయిల్. ఫోను ఒక పెట్టె తెరుస్తుంది, కంప్యూటరు ఇంకోటి తెరుస్తుంది. ఒకే సర్వరులో మూడు సెంట్ పెట్టెలు, మూడింటిలో మూడు ముక్కలుగా మన వ్యాపారం. మా ఆఫీసులో సరిగ్గా ఇలాగే ఉండేది, ఏడాదిపాటు ఎవరమూ గమనించలేదు. పేర్ల గొడవ తీర్చడానికి 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6154 వచ్చింది. పెట్టె పేరు ఏదైనా సరే, పంపిన ఉత్తరాలు ఉండేది ఇందులోనే అని సర్వరు ఒక గుర్తు చూపిస్తుంది, ప్రోగ్రాం దాన్ని పట్టుకోవాలి. కొత్త ప్రోగ్రాములు చాలావరకు పట్టుకుంటాయి. పాతవి, పాత సర్వర్లు పట్టుకోవు. అప్పుడు చేత్తో చూపించాలి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలో అయితే అకౌంట్ సెట్టింగ్స్‌లో కాపీస్ అండ్ ఫోల్డర్స్ అని ఉంటుంది. పంపేటప్పుడు నకలు ఏ పెట్టెలో వేయాలో అక్కడ ఎంచుకోవచ్చు. లోకల్ ఫోల్డర్స్ అని ఉన్నదాన్ని ఎంచుకుంటే నకలు ఆ కంప్యూటరు దాటి బయటకి రాదు. మన అకౌంటు పేరు కింద ఉన్న సెంట్‌ని ఎంచుకోవాలి.

జీమెయిల్ వాడేవాళ్లకి దీనికి తిరగబడ్డ ఇబ్బంది. వాళ్ల పంపే సర్వరే తనంతట తాను ఒక నకలు ఉంచుతుంది. మీ ప్రోగ్రాం కూడా ఉంచితే రెండు పనులూ జరుగుతాయి, కొన్నిచోట్ల ఉత్తరం రెండేసి కనిపిస్తుంది. అలా కనిపిస్తే ప్రోగ్రాంలో నకలు ఉంచే టిక్కు తీసేయండి. ఈ మాట విని అన్ని అకౌంట్లకీ టిక్కు తీసేయకండి బాబూ! సర్వరు ఉంచని చోట ప్రోగ్రాం కూడా మానేస్తే మళ్లీ మా సీమంతం కథే. ఒక ఉత్తరం పంపి చూడండి. సున్నా నకళ్లు కనిపిస్తే టిక్కు పెట్టండి, రెండు కనిపిస్తే తీయండి, ఒకటి కనిపిస్తే ముట్టుకోకండి.

ఇంకో సంగతి, ఇది మన పల్లెల్లో బాగా జరుగుతుంది. ఐమ్యాప్‌లో మీరు పంపు అని నొక్కగానే, సర్వరు తనంతట తాను నకలుంచని చోట, ఉత్తరం రెండుసార్లు ప్రయాణం చేస్తుంది. ఒకసారి పంపే సర్వరుకి. అది అయ్యాక రెండోసారి మీ సెంట్ పెట్టెకి. ఎనిమిది ఎంబీ ఫోటోలు పెట్టారనుకోండి, పదహారు ఎంబీకి పైనే ఎక్కాలి. కరెంటు పోయి, టవరు సిగ్నలు ఒక్క గీత మీద ఉన్నప్పుడు మొదటి ప్రయాణం అవుతుంది, రెండోది మధ్యలో ఆగిపోతుంది. అప్పుడు తెర మీద ఒక పెట్టె వస్తుంది. ఉత్తరం వెళ్లింది, కానీ నకలు సెంట్‌లో ఉంచలేకపోయాం అని ఇంగ్లీషులో. మనవాళ్లు అది పూర్తిగా చదవరు. ఏదో తప్పు జరిగింది, వెళ్లలేదు అనుకుని మళ్లీ పంపుతారు. పార్టీకి రెండు ఉత్తరాలు చేరతాయి, మన దగ్గర ఒక నకలే ఉంటుంది. ఆ పెట్టె వస్తే మళ్లీ పంపకండి. నకలు మాత్రమే మళ్లీ ఉంచమనే బటను ఉంటే అది నొక్కండి.

బిల్లుల సాఫ్ట్‌వేరు నుంచి, స్కానర్ నుంచి నేరుగా మెయిల్ వెళ్లే ఏర్పాటు ఉంటే, అవి చాలావరకు సెంట్‌లో నకలు వేయవు. పంపే సర్వరు తానుగా ఉంచే చోట మాత్రమే ఉంటుంది. బిల్లు ఎప్పుడు పంపామో చూపించాల్సి వచ్చేది మనకి ఎక్కువగా ఇక్కడే కదా.

(సభలో ఒకాయన: అమ్మా, ఇదంతా ఎందుకండీ, బీసీసీలో, అదే మిగతావాళ్లకి కనిపించని నకలు వరసలో, మన అడ్రసే పెట్టేసుకుంటే సరిపోదా?)

మంచి ప్రశ్న వేశారు బాబాయిగారూ. అది చాలామంది చేసే పనే, నేనూ ఐదారేళ్లు చేశాను. ఏ ఫోన్లోంచి పంపినా, ఏ కంప్యూటర్లోంచి పంపినా నకలు వచ్చి పడుతుంది. బిల్లుల సాఫ్ట్‌వేరుకి కూడా ఇదే మందు. ఇంకో గొప్ప కూడా ఉంది. ఆ నకలు బయటకి వెళ్లి తిరిగి వచ్చింది కాబట్టి, ఉత్తరం నిజంగా మన చేతుల్లోంచి బయలుదేరిందని తెలుస్తుంది. నేను వేరే అడ్రసు ఒకటి తెరిచి, నకళ్లన్నీ దానికి వెళ్లేలా పెట్టాను.

కానీ దానిలో ఒక లోటుంది, నాకు ఆలస్యంగా తెలిసింది. బీసీసీ అనేది ఎలా పనిచేస్తుంది? మిగతావాళ్లకి కనిపించకుండా పంపాలి కాబట్టి, వెళ్లే ఉత్తరంలోంచి ఆ వరస తీసేస్తారు. మా ధరల పట్టిక ఒకసారి పదిహేను మంది పార్టీలకి బీసీసీలో పంపాను. నకళ్ల అడ్రసుకి వచ్చిన ఉత్తరంలో ఆ పదిహేను పేర్లలో ఒక్కటీ లేదు. ఎవరెవరికి పంపానో తెలిసేది ఒక్క చోట మాత్రమే, పంపిన ప్రోగ్రాం తన సెంట్‌లో వేసుకున్న నకలులో. అందుకని బీసీసీ మీద పూర్తిగా ఆనుకోవద్దు. సెంట్ పెట్టె సరిచేసుకోండి, దానికి తోడుగా బీసీసీ ఉంచుకోండి.

నకళ్ల కోసం గూగుల్‌లో వేరే ఖాతా తెరిచేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. రెండేళ్లపాటు వాడని ఖాతాల్ని తీసేసే పద్ధతి వాళ్లు 2023 డిసెంబరు నుంచి మొదలుపెట్టారు. ఉత్తరాలు వచ్చి పడుతున్నంత మాత్రాన వాడుతున్నట్టు కాదు, మనం లోపలికి వెళ్లి చూడాలి. నేను ప్రతి ఉగాదికి తెరుస్తాను. పండగ కాబట్టి మర్చిపోను. చోటు సంగతి కూడా చూసుకోండి. ఉచిత ఖాతాకి 15 జీబీ, అది మెయిల్‌కి, డ్రైవ్‌కి, ఫోటోలకి అన్నిటికీ కలిపి.

(ఒక విద్యార్థిని: మేడం, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే సాక్ష్యంగా పనికిరాదా?)

నేను వకీలుని కాదమ్మా, నాకు తెలిసినంతవరకు చెబుతాను. మన ఐటీ చట్టం, 2000లో వచ్చింది, అందులో 7వ సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డు ఎలా దాచాలో చెబుతుంది. తర్వాత చూసుకోవడానికి వీలుగా ఉండాలి. పుట్టిన రూపంలోనే ఉండాలి, లేదా దాన్ని ఉన్నదున్నట్టు చూపించే రూపంలో ఉండాలి. ఎక్కడ నుంచి, ఎక్కడికి, ఏ తేదీన, ఏ సమయానికి వెళ్లిందో తెలిసే వివరాలు ఉండాలి. స్క్రీన్‌షాట్‌లో ఏముంటుంది? మీకు తెర మీద కనిపించినంతే. ఉత్తరం తల మీద కంటికి కనిపించని వరసలు చాలా ఉంటాయి. చేరిన ఉత్తరంలో అయితే ఏ సర్వరు ఎన్ని గంటలకి తీసుకుంది, ఆ ఉత్తరానికే ప్రత్యేకంగా ఇచ్చిన మెసేజ్ ఐడీ ఏమిటి, దేనికి జవాబుగా వెళ్లింది. ఆ ఐడీ మీ నకలులోనూ ఉంటుంది, అవతలవాళ్ల పెట్టెలో ఉన్నదానిలోనూ ఉంటుంది. రెండూ కలిస్తే అది ఒకే ఉత్తరమని తెలుస్తుంది. ఫోటోలో అది రాదు. ఫార్వర్డ్ చేసినా రాదు, అది కొత్త ఉత్తరం అయిపోతుంది. జీమెయిల్‌ని కంప్యూటర్లో తెరిచి, ఉత్తరం పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే డౌన్‌లోడ్ మెసేజ్ అని ఉంటుంది. ఈఎంఎల్ అనే ఫైలుగా దిగుతుంది. పెద్ద ఆర్డర్లకి నేను అలా దించి, సరుకు ఫైలులో పెడతాను.

కోర్టుదాకా వెళితే దానితోపాటు ధ్రువపత్రం కూడా ఇవ్వాలి. పాత సాక్ష్య చట్టంలో 65బీ అనేవాళ్లు. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది, అందులో 63వ సెక్షను. అంతదూరం వెళ్లకూడదనే నేను కోరుకుంటాను. నా అనుభవంలో ఉత్తరం మళ్లీ పంపి చూపిస్తే పదిలో తొమ్మిది గొడవలు అక్కడే చల్లారతాయి.

ఇందాక చెప్పిన ఐటీ చట్టంలోనే 13వ సెక్షను ఉంది, అది నాకు బాగా నచ్చింది. ఉత్తరం పంపినట్టు ఎప్పుడు లెక్క? మన అదుపులో లేని కంప్యూటరులోకి అది అడుగుపెట్టినప్పుడు. చేరినట్టు ఎప్పుడు లెక్క అనేది వేరే మాట. దీన్ని మన రేవులో చూస్తే సులువుగా అర్థమవుతుంది. సఖినేటిపల్లి వెళ్లే పంటు ఎక్కినప్పుడు ఈ ఒడ్డున టిక్కెట్టు చింపి ఇస్తారు. గోదావరి మధ్యలో పంటు ఆగిపోయినా మీ చేతిలో టిక్కెట్టు ఉంటుంది. ఎక్కారని దానికి తెలుసు, దిగారని తెలియదు. సెంట్ పెట్టెలో ఉన్న నకలు కూడా ఆ టిక్కెట్టే. అందుకని వెనక్కి వచ్చిన ఉత్తరాల్ని, ఫలానా అడ్రసు లేదు, వాళ్ల పెట్టె నిండిపోయింది అని వస్తాయే, వాటిని చెత్త అని చెరిపేయకండి. ఏ ఉత్తరానికి వచ్చిందో దానితో కలిపి ఉంచండి. పంపామని నకలు చూపిస్తే, చేరలేదని అది చూపిస్తుంది. రెండూ నిజమే.

(ఒక ఏజెంటు: మా ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే అండి.)

తెలుసండి. మాట్లాడుకోవడం అక్కడ మాట్లాడుకోండి. ఖాయమైన మాట మాత్రం, డిజైను, కొలత, లెక్క, తేదీ, ఆ నాలుగూ ఒక మెయిల్లో రాసి పంపండి.

ఇక దాచినది భద్రంగా ఉండటం. ఐమ్యాప్‌లో ఒక చిక్కుంది. ఫోన్లో చెరిపేస్తే ఆఫీసులోనూ పోతుంది, ఎందుకంటే నీరు ఒక్క చోటే కదా ఉంది. ఎవరో పొరపాటున సెంట్ మొత్తం ఎంచి చెత్తబుట్టలో వేస్తే, జీమెయిల్ అయితే 30 రోజులు ఆగుతుంది, తర్వాత లేదు. అందుకే సర్వరుకి బయట ఇంకో నకలు కావాలి. గూగుల్ టేకౌట్ అని ఉంది, అందులో మెయిల్ మాత్రం ఎంచుకుంటే మొత్తం ఎంబాక్స్ అనే ఫైలుగా ఇస్తుంది. థండర్‌బర్డ్ కూడా మామూలుగా ఉత్తరాల్ని ఆ రూపంలోనే దాస్తుంది. మెయిల్ కంపెనీ మారినా, ప్రోగ్రాం మారినా చదువుకోగలిగిన రూపం అది.

ఆ ఫైలు ఎక్కడ పెట్టాలి? 1996 నవంబరు 6 ఇక్కడ పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి తుపాను కోనసీమని ఎలా ఊడ్చేసిందో. గోదావరికి అవతల మా పిన్నిగారి ఇల్లు. మా బాబాయి కొబ్బరి వ్యాపారం. లెక్కల పుస్తకాలు, ఉత్తరాల నకళ్లు అన్నీ రేకు పెట్టెలో వేసి అటక మీద పెట్టారు. వరద వస్తే నీళ్లు కిందినుంచి వస్తాయని. ఆ రోజు గాలికి పైకప్పే లేచిపోయింది. నీళ్లు పైనుంచి పడ్డాయి. వారం తర్వాత నేను వెళ్లినప్పుడు మా పిన్ని ఆ పల్చటి కాగితాల్ని ఒక్కొక్కటే విడదీసి అరుగు మీద ఎండబెడుతోంది. కార్బను అక్షరాలు అలాగే ఉన్నాయండి, చెరగలేదు. కాగితమే ముద్ద అయిపోయి చేతికి వచ్చేసేది. తణుకులో వాళ్ల లెక్కలు చూసే ఆయన దగ్గర కొన్ని నకళ్లున్నాయి. రావలసిన బాకీల్లో వసూలైనవి ఆ కాగితాలు ఉన్నవాటికే.

అందుకని మా ఆఫీసు ఎంబాక్స్ ఫైలు మూడు నెలలకోసారి ఒక చిన్న హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, రాజమండ్రిలో ఉన్న మా యజమాని అమ్మాయి ఇంటికి పంపుతాను. ఎన్నాళ్లు ఉంచాలి అంటే, జీఎస్టీ చట్టం లెక్కలు, బిల్లులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచమంటుంది. ఉత్తరాలు అంతకంటే ఎక్కువే ఉంచండి. చోటు పెద్దగా పట్టదు.

చివరిగా ఈ పుస్తకం చూపిస్తాను. అవుట్‌వర్డ్ రిజిస్టరు, పాత పద్ధతిదే, గీతలు నేనే గీశాను. తేదీ, ఎవరికి, ఒక్క ముక్కలో సంగతి, దేనిలోంచి పంపాను. అన్ని ఉత్తరాలూ రాయను. మాట మారినవి, ధర మారినవి, తేదీ మారినవి, అవి మాత్రమే. శనివారం సాయంత్రం దీపం పెట్టే వేళకి ఈ వారం వరసల్ని సెంట్ పెట్టెతో పోల్చి పక్కన టిక్కు కొడతాను. పది నిమిషాల పని. మొన్న మాఘమాసంలో ఒక వరసకి టిక్కు పడలేదు. పెళ్లి భోజనాల దగ్గర నుంచి మా అమ్మాయి ఫోన్లోంచి నేను పంపిన ఉత్తరం అది. వెతికితే ఆ ఫోను దాన్ని తన సొంత పెట్టెలో వేసుకుని కూర్చుంది. మూడో రోజే దొరికింది కాబట్టి సరైన పెట్టెలోకి జరిపాను, ఫోన్లో సెట్టింగు మార్చాను.

ఇప్పుడు మీ ఫోన్లు తీయండి. మీ ఆఫీసు మెయిల్లోంచి మీకు మీరే ఒక ఉత్తరం రాసుకోండి, నకలు పరీక్ష అని పైన రాసి పంపండి. ఇదిగో, ఈ బల్ల మీద రెండు కంప్యూటర్లు పెట్టించాను. ఒక్కొక్కరే వచ్చి బ్రౌజర్లో మీ ఖాతా తెరిచి, ఆ ఉత్తరం సెంట్‌లో ఉందో లేదో చూసుకోండి. లేనివాళ్లు ఇటు పక్క కూర్చోండి, మీ సెట్టింగులు నేను చూస్తాను. వెళ్లేటప్పుడు ఖాతాలోంచి బయటకి రావడం మర్చిపోకండి. ఏడింటిదాకా ఇక్కడే ఉంటాను. ఆ డాయిలీ ఎవరి దగ్గర ఉందండీ, ఇటు అందించండి, అది మళ్లీ బీరువాలో పెట్టాలి.